తొట్టి గట్టున ముప్ఫై రెండేళ్లు

మా సంఘంలో డెబ్బై ఒక్కమంది బాప్తిస్మానికి సాక్షి సంతకం పెట్టింది ఒక్కడే మనిషి. ఆయన్ని అందరం పైపుల బాబాయి అనేవాళ్లం. వృత్తి ప్లంబరు. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. సింకు కింద దూరడానికే పుట్టినట్టు ఉండేవాడు. సంఘం రిజిస్టరు రాసేది నేనే కాబట్టి ఆయన కథ చెప్పే హక్కు కొంత, చెప్పాల్సిన బాధ్యత కొంత నాకు ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. ఒక్కసారైనా వెనక పేజీలు తిప్పి చూసి ఉంటే ఈ కథకు ఇంత పొడుగు ఉండేది కాదు.

మాది మనిషిని నీళ్లలో పూర్తిగా ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. తల మీద చిలకరించడం మా దగ్గర చెల్లదు. మందిరంలో వేదిక పక్కన నేలలోకి దించి కట్టిన సిమెంటు తొట్టి ఉంది. ఐదు మెట్లు దిగితే నీళ్లు ఛాతీ దాకా వస్తాయి. పాస్టరు ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ముక్కు మీద పెట్టి మనిషిని వెనక్కి వాలుస్తారు. మునిగిన పాత మనిషి అక్కడే చచ్చిపోయాడని, పైకి లేచేవాడు కొత్త మనిషని మా నమ్మకం. అదివరకే బాప్తిస్మం పొందిన ఒకరు గట్టున నిలబడాలి. పైకి వచ్చేవాళ్లకు చెయ్యందించాలి, తువ్వాలు కప్పాలి, రిజిస్టరులో సాక్షిగా సంతకం పెట్టాలి. ఇది మా సంఘం పెట్టుకున్న పద్ధతి.

బాబాయి మొదటిసారి మందిరానికి వచ్చింది దేవుడి కోసం కాదు. తొట్టి కారుతోందని పిలిస్తే వచ్చాడు. అది శనివారం. మర్నాడే ఏడుగురికి బాప్తిస్మం. సాయంత్రానికల్లా అడుగున పగులు పూడ్చి, డ్రెయిన్ పైపు మార్చి, నీళ్లు పట్టి చూశాడు. పని నిలుస్తుందో లేదో కళ్లతో చూడందే కదిలే మనిషి కాదు కనక ఆదివారం పొద్దున్నే వచ్చి స్పానరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఆ రోజు సాక్షిగా ఉండాల్సిన పెద్దమనిషికి జ్వరం. మొదటగా మునిగిన ఆవిడ పైకి వస్తూ తడి మెట్టు మీద జారబోతే బాబాయి చెయ్యందించాడు. తర్వాత ఆరుగురికీ అందించాడు. ఆరాధన అయ్యాక పాత పాస్టరు, ఈయన ఏదో పక్క ఊరి సంఘం మనిషి అనుకుని, రిజిస్టరు ముందుకు తోసి "ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అన్నారు.

ప్లంబరు పని అయ్యాక సంతకం పెట్టడం మామూలే. బాబాయి ఏడు చోట్ల పెట్టాడు. ఏడు పైపులకు ఏడు సంతకాలు కాబోలు, ఈ సంఘంవాళ్లు చాలా పద్ధతిగల మనుషులు అనుకున్నాడట.

రెండో వారం వాల్వు చూడటానికి వచ్చాడు. మూడో వారం చూడాల్సింది ఏమీ లేకపోయినా వచ్చాడు. సామాన్ల సంచీ ఒళ్లో పెట్టుకుని చివరి వరసలో కూర్చునేవాడు. అక్కడ ఆయనకు ఏం వినబడిందో నేను చెప్పలేను, ఆయనా సరిగ్గా చెప్పలేకపోయాడు. "నన్నెవరో పేరుపెట్టి పిలిచినట్టయింది" అని మాత్రం అన్నాడు. విశ్వాసం నటన కాదు. ఆ విషయం మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు, చదివేవాళ్లకూ రాకూడదు. కానీ ఆయన నమ్మడం మొదలుపెట్టే నాటికే రిజిస్టరులో పదకొండు మందికి సాక్షి. ఆ సంతకాలకు అర్థం ఏమిటో ఆయనకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి రొట్టె, ద్రాక్షరసం కూడా తీసుకున్నాడు. అవి బాప్తిస్మం పొందినవాళ్లకే ఇస్తాం. పళ్లెం తన ముందుకు వచ్చింది, పక్కవాళ్లు తీసుకున్నారు, తనూ తీసుకున్నాడు.

రెండో ఏడు పాత పాస్టరే సంబంధం కుదిర్చారు. పిల్ల మా సంఘంలోనే పుట్టి పెరిగిన మనిషి, పెళ్లయ్యాక మా అందరికీ పిన్ని అయింది. "అబ్బాయి మనవాడే, సాక్షి సంతకాలు కూడా పెడతాడు" అని ఆమె తండ్రికి భరోసా ఇచ్చారట. అంతకన్నా గట్టి భరోసా మా దగ్గర ఇంకొకటి లేదు.

అలా ఏళ్లు గడిచాయి. బాప్తిస్మం ఉన్న ప్రతిసారీ ముందురోజు తొట్టి నింపేది బాబాయే. చలికాలంలో వేడినీళ్లు కలిపి, చంటిపిల్లలకు చూసినట్టు మోచెయ్యి పెట్టి చూసేవాడు. మోచెయ్యి దాటి ఆ నీళ్లు ఆయన ఒంటిని ఎప్పుడూ తాకలేదు. ఎవరికైనా జబ్బు చేస్తే పాస్టరు కన్నా ముందు తనే వెళ్లేవాడు. మంచం పక్కన కూర్చుని "భయపడకు, దేవుడున్నాడు" అనేవాడు. ఆ తర్వాత లేచి, ఆ ఇంట్లో కారుతున్న కుళాయి ఏదైనా ఉంటే వాషరు మార్చి వచ్చేవాడు. మాట ఎంత పనిచేసిందో గానీ కుళాయి మాత్రం బాగయ్యేది.

అరవై మూడో ఏట ఆయనకు మెట్లెక్కుతుంటే ఆయాసం మొదలైంది. గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయింది, మార్చాలి అన్నాడు డాక్టరు. 

"మార్చింది ఎన్నాళ్లు వస్తుంది డాక్టరుగారూ?"

"పదిహేనేళ్లకు భయం లేదు."

"ఆ మాట నేనూ అందరికీ చెబుతుంటానండీ. వందలో ఎన్ని నిలుస్తాయో చెప్పండి."

"తొంభై ఆరు."

ఇంకెవరైనా అయితే ఆ తొంభై ఆరు పట్టుకుని ఇంటికి వెళ్లేవాళ్లు. బాబాయి మిగిలిన నాలుగు పట్టుకుని వెళ్లాడు. ఆపరేషన్ ఐదు వారాల తర్వాత అన్నారు. సంఘంలో ప్రార్థనలు చేశాం. "నీకేం బాబాయ్, ఎక్కడికి వెళ్తావో తెలిసిన మనిషివి" అన్నారు చాలామంది. నేనూ అన్నాను. ఆయన తల ఊపేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మంగళవారం మధ్యాహ్నం నేను పాస్టరు గదిలో కూర్చుని నెల నివేదిక రాస్తున్నాను. అప్పటికి పాత పాస్టరు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి పాస్టరు మా సంఘం కుర్రాడే, వయసు నలభై లోపు. బాబాయి తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

"అయ్యగారూ, ఒక మాట చెప్పాలి."

పాస్టరు కుర్చీ చూపించారు. బాబాయి కూర్చోలేదు. నేను లేచి వెళ్లబోయాను.

"నువ్వుండు. రిజిస్టరు రాసేవాడివి, నువ్వూ వినాలి" అని నన్ను ఆపాడు. తర్వాత గోడ వైపు తిరిగి చెప్పాడు. "నేను బాప్తిస్మం తీసుకోలేదు."

"ఎక్కడ?" అన్నారు పాస్టరు, అర్థం కాక.

"ఎక్కడా."

పాస్టరుకు నవ్వు రాబోయింది, బాబాయి ముఖం చూసి ఆగిపోయింది. రిజిస్టరు తెమ్మన్నారు. ముగ్గురం బల్ల మీదికి వంగి పేజీలు తిప్పాం. సాక్షి గడిలో బాబాయి సంతకం, మళ్లీ సంతకం, మళ్లీ సంతకం. బాప్తిస్మం పొందినవారి గడిలో ఆయన పేరు ఎక్కడా లేదు. ఆయన సంతకాలున్న మూడో పేజీలో నా పేరు ఉంది. తర్వాతి పేజీలో పాస్టరు వేలు ఒక చోట ఆగింది. పదహారేళ్ల వయసులో ఆయన తీసుకున్న బాప్తిస్మం అది. పక్కన బాబాయి సంతకం.

"మీది చెల్లదేమో అయ్యగారూ" అన్నాడు బాబాయి. "మీరు పాస్టరు కూడా కాదేమో. చాలా ఏళ్లుగా ఆలోచిస్తున్నా."

"అయితే నేను చేయించిన పెళ్లిళ్లు?"

"అదీ ఆలోచించా."

నాకు నవ్వు ఆగలేదు. బాబాయి నవ్వలేదు. చెమటలు కారుతున్నాయి ఆయనకు. డెబ్బై ఒక్కమంది పరలోకం తన చేతుల మీదుగా పాడైపోయిందన్న బరువు ఇన్నేళ్లూ మోసుకుని, అదే చేతులతో మా ఇళ్లలో కుళాయిలు బిగించాడు. నా నవ్వుకు నాకే సిగ్గేసింది.

పాస్టరు నిదానంగా అడిగారు. "సాక్షి అంటే చూసినవాడు బాబాయ్. ఆ రోజు నువ్వు చూశావా లేదా?"

"దగ్గరుండి చూశా."

"నేను మునిగానా?"

"మునిగారు. గుక్కెడు నీళ్లు తాగేశారు కూడా."

"అయితే నాది చెల్లింది. డెబ్బై ఒకటీ చెల్లాయి. మిగిలింది నీదొక్కటే. ఎందుకు తీసుకోలేదు?"

అప్పుడు కూర్చున్నాడు బాబాయి. ఇరవై నాలుగేళ్ల వయసులో జరిగింది చెప్పాడు. ఒక మూడంతస్తుల భవనం మీద నీళ్ల ట్యాంకు లోపలికి దిగి అతుకు వేస్తున్నాడు. ఎవరో నిచ్చెన అవసరమై పైకి లాగి తీసుకుపోయారు. కింద ఇంకెవరో మోటారు వేశారు. నీళ్లు మోకాళ్లకు, నడుముకు, మెడకు వచ్చాయి. అరిస్తే అరుపు తిరిగి తన చెవిలోనే పడింది. ఫలానా ఎత్తుకు రాగానే నీళ్లు పక్క పైపులోంచి బయటికి పోతాయని ఆయనకు తెలుసు. ఆ పైపు బిగించింది తనే. అయినా నీళ్లు కింది పెదవి దగ్గర ఆగేదాకా ఆగుతాయన్న నమ్మకం రాలేదు. కింద నీళ్లు ఒలుకుతున్నాయని చూసి ఎవరో మోటారు ఆపి, పైకొచ్చి నిచ్చెన దించేవరకు, అరగంట, ముక్కు పైకెత్తి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి తల మీద నీళ్లు పోసుకోలేదు. తడిగుడ్డతో తుడుచుకోవడమే. పిన్ని అది జలుబు బాధ అనుకునేదట.

"దేవుడున్నాడని నాకు తెలుసు అయ్యగారూ. పైపు ఉందని తెలిసినట్టే తెలుసు. కానీ మునగాలంటే కాళ్లు రావు. మునగకుండా చచ్చిపోతానేమోనని ఇప్పుడు ఇంకో భయం."

పాస్టరు రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు. "గుండె బాగాలేని మనిషివి. ఒక గ్లాసుడు నీళ్లు తల మీద పోసి ప్రార్థన చేస్తా. పెద్దలకు నేను చెప్పుకుంటా."

"వాళ్లందరికీ నిండా నింపి, నాకు గ్లాసుడా?" అన్నాడు బాబాయి. అంతటితో ఆ మాట ముగిసింది. వచ్చే ఆదివారం అనుకున్నారు. గోరువెచ్చని నీళ్లయితే ఫరవాలేదని డాక్టరు కూడా అన్నాడు.

ఇంటికి వెళ్లి పిన్నికి చెప్పడం అంతకన్నా కష్టమైంది. పిన్ని గురించి ఒక్క మాట చెప్పాలి. మా సంఘంలో ఎవరు పోయినా సమాధి దగ్గర పాట ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు వణకడం ఎవరూ వినలేదు. కన్నతల్లి పెట్టె దించుతున్నప్పుడు కూడా చరణం తప్పకుండా పాడింది. ధైర్యం అంటే పిన్నిదే అని మా ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు.

బాబాయి చెబుతున్నంతసేపూ ఆమె కూరగాయలు తరుగుతూనే ఉందట. చివర్లో కత్తిపీట పక్కకు జరిపింది.

"ముప్ఫై ఏళ్లు నా పక్కన కూర్చుని రొట్టె తీసుకున్నారు."

"తీసుకున్నా."

"ఊరంతటికీ చెప్పక్కర్లేదు. భయమేస్తోందని నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకు భయమంటే ఏంటో తెలియదు కదే. నీకెలా చెప్పను?"

పిన్ని కత్తిపీట మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత రెండు రోజులు అసలు మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మాత్రలు చేతికిచ్చింది, అంతే. కోపం తగ్గలేదనుకున్నాడు బాబాయి. చూసిన మేమూ అలాగే అనుకున్నాం.

శనివారం తన తొట్టి తనే నింపుకున్నాడు. ఎవరు సాయం వస్తామన్నా ఒప్పుకోలేదు. ఆదివారం పాస్టరు పక్కన నిలబడి, ఉన్నదున్నట్టు సంఘానికి చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె "మరి నాది?" అని పైకే అడిగింది. "నీది చెల్లింది మామ్మా, కూర్చో" అన్నారు పాస్టరు. కొందరు నవ్వారు. ఇద్దరు ముగ్గురు ముఖం తిప్పుకున్నారు, వాళ్లలో ఒకాయన ఆ తర్వాత ఏడాదిపాటు బాబాయితో కుళాయి పని చేయించుకోలేదు.

గట్టున సాక్షిగా ఎవరు అని పాస్టరు అడిగారు. నేను లేవబోయాను. అప్పటికే పిన్ని లేచి నడుస్తోంది. గట్టు మీద ఆగలేదు. కట్టుకున్న బట్టలతోనే ఐదు మెట్లూ దిగి బాబాయి పక్కన నీళ్లలో నిలబడింది. సాక్షి నీళ్లలోకి దిగడం మా దగ్గర అదే మొదలు.

పాస్టరు వీపు కింద చెయ్యి పెట్టారు. బాబాయి వాలలేదు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. పాస్టరు ఆగి మళ్లీ ప్రయత్నించారు. ఈసారి బాబాయి రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకున్నాడు. మేం పాట మొదలుపెట్టాం. అది అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టాం. అరవై మూడేళ్ల మనిషి అందరి ముందు అలా వణుకుతుంటే చూడలేకపోయాను. నేను నేల చూపులు చూస్తూ పాడాను.

పిన్ని ఆయన చెవి దగ్గర ఏదో అంది. ఎవరికీ వినబడలేదు. బాబాయి ఆమె ముఖంలోకి చూశాడు. తిరిగి ఏదో అడిగాడు. ఆమె ఇంకో ముక్క చెప్పింది. అప్పుడాయన చేతులు అంచు వదిలేశాయి. పాస్టరు వెనక్కి వాల్చారు. నీళ్లు ఆయన ముఖం మీదుగా మూసుకున్నాయి. ఒక్క లిప్తలో పైకి వచ్చాడు, దగ్గుతూ, ఏడుస్తూ, పిన్ని భుజం పట్టుకుని.

ఆపరేషన్ అయింది, కొత్త వాల్వు నిలిచింది. తొంభై ఆరులో ఒకడయ్యాడు. కోలుకుంటున్న రోజుల్లో ఆస్పత్రిలో కూర్చుని ఉండగా అడిగాను. ఆ రోజు పిన్ని ఏమంది బాబాయ్ అని.

"నాకూ భయమే అంది."

"అంతేనా?"

"ఎప్పటినుంచి అనడిగా. మొదటినుంచీ అంది." ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు. "సమాధుల దగ్గర ఆ పాటలన్నీ భయపడుతూనే పాడిందట. ఆపితే ఏడుపొస్తుందని గట్టిగా పాడేదట. ముప్ఫై ఏళ్లు ఒక్క మంచం మీద పడుకున్నాం, ఒకరికొకరం చెప్పుకోలేదు."

"నీ భయం పోయిందా మరి?"

"పోలేదు" అన్నాడు. "నేనొక్కడినే అనుకునేవాణ్ని. అది పోయింది."

ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆ ఆరేళ్లలో జబ్బు మనుషుల దగ్గరికి వెళ్లడం మానలేదు గానీ, భయపడకు అని ఎవరికీ చెప్పలేదు. పక్కన కూర్చునేవాడు, అడిగితే ప్రార్థన చేసేవాడు. డెబ్బయ్యో ఏడు రాకముందే ఊపిరితిత్తులు పాడయ్యాయి. చేసేది ఏమీ లేదని ఇంటికి పంపించారు.

చివరి రోజు మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. మంచం ముందు గదిలో కిటికీ పక్కన వేశారు. సంఘం నుంచి ఐదారుగురం వచ్చాం. ఆయనకు మాట తెలుస్తోంది. కళ్లు మాత్రం ఒకచోట నిలవడం లేదు, ఒక్కొక్కరి ముఖం మీదా ఆగి పక్కకు పోతున్నాయి. "భయంగా ఉంది" అన్నాడు సన్నగా.

"భయపడకు బాబాయ్" అన్నాను, అలవాటు కొద్దీ.

"నీలాంటి విశ్వాసి ఆ మాట అనకూడదు" అన్నాడు నా పక్కనున్న పెద్దాయన, మంచం వైపు వంగి.

పిన్ని గ్లాసు కిటికీలో పెట్టి మా వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు.

"అనకూడదని చెప్పకండి. ఈయన ముప్ఫై రెండేళ్లు అనకుండానే ఉన్నారు. ఇప్పుడైనా భయపడనివ్వండి. నాకూ భయంగానే ఉంది. మేమిద్దరం భయపడతాం, మీరు కాసేపు బయట కూర్చోండి."

బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాం. తలుపు సరిగ్గా పడలేదు. లోపల మంచం కిర్రుమంది. ఆమె ఆయన పక్కన పడుకున్నట్టుంది. మాటలు తెంపు తెంపుగా వినబడ్డాయి.

"నొప్పి పుడుతుందా?"

"తెలియదండీ."

"ఆయన ఉంటాడా అక్కడ?"

"ఉంటాడు. అది తెలుసు."

మళ్లీ ఆయనే.

"నువ్వెప్పుడొస్తావు?"

"అదీ తెలియదు. వస్తాను గానీ."

ఆ తర్వాత మాటలు లేవు, ఆయన ఊపిరి చప్పుడే. మాలో ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మా అందరికీ భయంగా ఉందని ఆ వరండాలో మొదటిసారి నాకు తెలిసింది. నాలుగింటికి ఆ చప్పుడూ ఆగింది. పిన్ని తలుపు తీసి లోపలికి రండి అంది. గడియ మీద ఆమె చెయ్యి వణుకుతోంది. ఆమె దాన్ని దాచుకోలేదు.